రేవులు కదిలిన తీరం

పాలమూరు మనిషి సముద్రం చూడాలంటే రైలెక్కాలి. నల్లగొండ వాళ్లకు ఆ దూరం కాస్త తక్కువ, అంతే తేడా. అలాంటి జిల్లాల్లో తీరం మీద ఉపన్యాసమేమిటని ఆహ్వానపత్రం చూసిన పెద్దలు కొందరు నవ్వుకున్నారని వక్త చెవిన పడింది. నవ్వుకోనివ్వండి. తంగిడి దగ్గర భీమా నదిని కలుపుకొని తెలంగాణలో కాలుపెట్టే కృష్ణ జూరాల, బీచుపల్లి, కూడవెల్లి, సోమశిలల మీదుగా నల్లమల లోయలో దూరి, నాగార్జునసాగర్ దగ్గర బయటపడి, వాడపల్లిలో మూసీని కలుపుకొని, మట్టపల్లి దాటిపోతుంది. పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలకు దక్షిణాన దాదాపు అంతటా గట్టులాగా నిలిచింది ఈ నీళ్లే. ఈ నేలకు తీరమంటే అదే.

గడియారం రామకృష్ణ శర్మగారు అదే తీరాన బతికారు. 1919లో అనంతపురం జిల్లాలో పుట్టి అలంపురం మనిషి అయిపోయారు. ఆయన చదివిన శాసనాల గురించి, స్వాతంత్ర్యోద్యమం గురించి, కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆయన పోయిన మరుసటి ఏడు 2007లో ‘శతపత్రము’కు వచ్చిన సంగతి గురించి ఈ సభకు వేరే చెప్పనక్కర్లేదు. 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అలంపురంలో జరిగినప్పుడు కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది ఈ ఊళ్లోనే. తుంగభద్ర ఒడ్డున ఒక చిన్న ఊరికి అంతమందిని రప్పించడం శర్మగారికే చెల్లింది. ఆయన పేరు మీద మాట్లాడేటప్పుడు మాట గుళ్ల మీదికి పోకుండా ఉండదు. పోతుంది కూడా.

పాతరాతి యుగం నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈ ఉపన్యాసం ఆ ఆనవాయితీని పాటించదు. రాతి పనిముట్లు ఎక్కడెక్కడ దొరికాయో పట్టిక చదివితే సభకు నిద్ర తప్ప మరేమీ రాదు. శాతవాహనులు, ఇక్ష్వాకులు అందరికీ తెలిసినవాళ్లే. వాళ్ల కాలం నుంచి రెండు సంగతులు మాత్రం తీసుకోవాలి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేలు కుప్పగా దొరికాయి, పదిహేను వందలకు పైగా. ఇటు కృష్ణకు దగ్గరలోని వీపనగండ్లలోనూ రోమన్ నాణేలు బయటపడ్డాయి. సముద్రం మీద వచ్చిన డబ్బు ఇంత లోపలికి ఊరికే రాదు, ఏదో రేవు దాటే వస్తుంది. రెండోది, నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక 3వ శతాబ్దంలో వేయించిన శాసనం. సింహళ భిక్షువుల ప్రస్తావనతో పాటు, కంటకసేలలోని మహాచైత్యానికి తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కట్టించినట్టు ఆమె అందులో చెప్పుకుంది. కంటకసేల అంటే కృష్ణా జిల్లా ఘంటసాల. ఎగువన కొండల మధ్య ఉన్న విజయపురిలో, అంటే ఆ నాగార్జునకొండలోనే కూర్చుని ఒక స్త్రీ సముద్రపు రేవు దగ్గరి పుణ్యం లెక్క రాయించుకుంది. ఎగువ రేవుకూ దిగువ రేవుకూ నడుమ బంధానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం వక్తకు తెలియదు.

ఇక అసలు సంగతికి వద్దాం. వక్త ఇష్టపడి చదివింది బాదామి చాళుక్యుల కాలాన్ని. మిగతావాళ్లకు ఈ సాయంత్రం అన్యాయం జరగబోతోంది, ముందే తెలిసి ఉండడం మంచిది.

కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న నేలను మన వాళ్లు నడిగడ్డ అంటారు. గద్వాల, అలంపురం దాని తూర్పు కొస. బాదామి నుంచి తూర్పుకు వచ్చే బాట, ఉత్తరం నుంచి కంచి వైపు పోయే బాట ఎక్కడో ఒక చోట నది దాటాలి. సంగమానికి కాస్త ఎగువన, తుంగభద్ర ఎడమ ఒడ్డున అలంపురం ఉంది. శ్రీశైలానికి పడమటి ద్వారం అదే. నవబ్రహ్మ ఆలయాలు అక్కడ లేవడానికి కారణం ఆ దాటు అని వక్త నమ్మకం.

పేర్లు బ్రహ్మవి, లోపలున్నది శివుడు. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. తారక బ్రహ్మను పక్కన పెడితే మిగతా వాటి మీద ఉత్తరాది రేఖా శిఖరం, తలమీద ఉసిరికాయ ఆకారంలో ఆమలకం. స్వర్గబ్రహ్మలోకి మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూడాలి. మండపం దాటాక గర్భగుడి చుట్టూ గోడల మధ్యే ఒక ఇరుకు ప్రదక్షిణ మార్గం ఉంటుంది. ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఒదగాల్సిందే. రాతిని జల్లెడలా తొలిచిన కిటికీల్లోంచి పడమటి వెలుగు నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. చేత్తో తడిమితే కిటికీ అంచు నున్నగా తగులుతుంది, పదమూడు వందల ఏళ్ల చేతుల నునుపు. చాళుక్య రాజు వినయాదిత్యుడి కాలంలో, అంటే 681–696 నడుమ, రాణి గౌరవార్థం లోకాదిత్య ఎళ అరస దీన్ని కట్టించినట్టు ద్వారపాలక శిల్పం దగ్గర శాసనం ఉంది. కట్టించినవాడి పేరు ద్వారపాలకుడి నెత్తిన పెట్టడం బాగుంది. గుడి చూసినవాడు పేరు చూడక తప్పదు.

ఈ శిఖరం ఇక్కడికి ఎలా వచ్చింది? ఇక్కడే తగువు.

ఒక పండితవర్గం వాదన ఇది. భువనేశ్వర్ పరశురామేశ్వరాలయం చూడండి, అలంపురం చూడండి, కాలం దాదాపు ఒకటే, వంపు ఒకటే. కనుక కళింగ శిల్పులు తూర్పుతీరం వెంట దిగివచ్చి కట్టిపోయారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది. ఒక సదస్సులో ఈ వాదాన్ని కాదన్నందుకు వక్తను ‘ఊరి అభిమాని’ అన్నారు. ఆ బిరుదుకు వక్తకు అభ్యంతరం లేదు కానీ వాదానికి ఉంది.

పరశురామేశ్వరంలో గర్భగుడి చుట్టూ లోపలి ప్రదక్షిణ మార్గం లేదు. అలంపురంలో అదే ప్రాణం. వంపు పోలిందని పునాది పోలదు. వలస వచ్చిన శిల్పి శిఖరం తెచ్చి పునాది మరిచి వస్తాడా? పైగా చాళుక్యులకు దక్షిణాది పద్ధతి తెలియక ఉత్తరాదిని అరువు తెచ్చుకున్నారనుకోవడానికి ఎంతమాత్రం వీల్లేదు. గద్వాలలో దొరికిన విక్రమాదిత్యుడి రాగిశాసనం 674 నాటిది. దాన్ని అతడు కావేరి ఒడ్డున ఉరగపురంలో విడిది చేసి ఇచ్చాడు. నడిగడ్డకు దానశాసనం కావేరి తీరం నుంచి వచ్చిందన్నమాట. అంత దూరం నడిచి పల్లవులతో కొట్లాడిన వాళ్లకు పల్లవ విమానం ఎలా ఉంటుందో తెలియదా? తారక బ్రహ్మ మీద దక్షిణాది పోకడ కనిపించనే కనిపిస్తోంది. పట్టదకల్లుకు పోతే విరూపాక్షం ఒక తీరు, గళగనాథం మరో తీరు, పక్కపక్కనే ఉన్నాయి. రెండూ తెలిసినవాళ్లు ఒకదాన్ని ఎంచుకున్నారు. ఎంపికను వలస అనడం తప్పు.

ఎందుకు ఎంచుకున్నారన్నది వక్త సొంత ఊహ. వినయాదిత్యుడు ఉత్తరాపథ రాజును గెలిచి పాళిధ్వజమనే రాజచిహ్నం తెచ్చాడని, గంగాయమునల గుర్తులు సంపాదించాడని ఆ వంశ శాసనాలు గొప్పగా చెబుతాయి. అలంపురం ద్వారబంధాల అడుగున గంగ, యమున నిలబడే ఉన్నారు. రెండు నదులు కలిసే చోట, ఉత్తరాన గెలిచిన రాజుల కాలంలో, ఉత్తరాది శిఖరం లేచింది. అది రాజముద్రలా లేచింది. ఈ శిఖరం పుట్టుక ఉత్తరాదిదేనని ఎదుటిపక్షం చెప్పేమాట నిజమే, దాన్ని వక్త కాదనడు. దాన్ని ఇక్కడికి మోసుకొచ్చింది వలస కూలీలు కాదు, రాజు కోరిక అంటున్నాడు.

ఈ తగువుకు మూలం ఇంకా వెనక ఉంది. 1876లో ఫెర్గూసన్ గుళ్లను జాతుల లెక్కన పంచాడు, ఇండో ఆర్యన్ ఒక పెట్టెలో, ద్రవిడం మరో పెట్టెలో. 1926లో కజిన్స్ చాళుక్య వాస్తు మీద పెద్ద పుస్తకం వేస్తే దాని పేరులోనే కన్నడ జిల్లాలకు అని గిరి గీసుకున్నాడు. నిజాం రాజ్యంలోని అలంపురం అటు ద్రవిడం పెట్టెలోనూ పట్టక, ఇటు కన్నడ జిల్లాల్లోనూ పడక గడపలో నిలబడిపోయింది. యజ్దానీగారి నేతృత్వంలోని నిజాం పురాతత్వ శాఖ 1914 నుంచి పని మొదలుపెట్టకపోతే ఆ గడపలోనే ఉండేదేమో. ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో చాళుక్య శిల్పం అనగానే బాదామి, ఐహొళె, పట్టదకల్లు అని మూడు పేర్లు వల్లె వేయిస్తారు. నాలుగో పేరు మనది.

అధ్యక్షులవారు గడియారం చూసుకుంటున్నారు. రాష్ట్రకూటులు, కల్యాణి చాళుక్యుల కాలపు పాపనాశనం గుళ్లు మెట్లుమెట్లుగా పేర్చిన పైకప్పులతో ఉంటాయి, చూసి తీరాలి. కాకతీయులు చెరువులు తవ్వారు, ఆ మాట వెయ్యిసార్లు విన్నాం. రెడ్డిరాజుల జాడ వాడపల్లిలో ఉంది. విజయనగరం వాళ్లు, బహమనీలు, బిజాపురం వాళ్లు ఈ రెండు నదుల నడుమ నేలకోసం తరాల తరబడి కొట్టుకున్నారు. 1520లో రాయచూరు యుద్ధం ఆ కథలో ఒక అధ్యాయం. గద్వాల, జటప్రోలు సంస్థానాలు కవులకు అన్నం పెట్టాయి. ఇంతే. కోపగించుకునేవాళ్లు సభానంతరం టీ దగ్గర కోపగించుకోవచ్చు.

ఆనకట్టల సంగతి మాత్రం వదలకూడదు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్‌కు పునాదిరాయి వేశాడు. నాగార్జునకొండ అప్పటికే పేరుపడ్డ చోటు. 1926లో సరస్వతిగారు కనుక్కోవడం, లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు, 1954 నుంచి సుబ్రహ్మణ్యంగారి పెద్ద తవ్వకం అందరికీ తెలిసినవే. ఎదుటి ఒడ్డున నల్లగొండ వైపు ఏలేశ్వరాన్ని అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వి రాశారు. దాన్ని తలిచేవాళ్లు తక్కువ. రెండూ నీళ్లలోకే పోయాయి. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, శ్రీశైలం నిండు మట్టం 885. ఈ రెండు అంకెలు ఈ తీరపు రూపాన్ని ఏ రాజవంశమూ మార్చనంతగా మార్చాయి. శ్రీశైలం కింద వంద దాటిన ఊళ్లు ఖాళీ అయ్యాయి. గుళ్లను రాయికి అంకె వేసి విప్పి ఎగువకు మోసుకొచ్చారు. కూడవెల్లి సంగమేశ్వరం అలా అలంపురానికి వచ్చింది. వేసవిలో బయటపడి వానాకాలం మునిగే సప్తనదీ సంగమేశ్వరం వేరు, అది కర్నూలు వైపుది. పత్రికలవాళ్లు ఏటా ఈ రెంటినీ కలిపేస్తారు. కూడవెల్లి గుడి కట్టడం చెడలేదు, చక్కగా నిలబెట్టారు. పోయింది సంగమం. రెండు నదులు కలిసే చోటి కోసం కట్టిన గుడి ఇప్పుడు ఊరి పక్కన ఉంది, నది కనిపించాలంటే కరకట్ట ఎక్కాలి.

2009 అక్టోబర్‌లో కర్నూలును ముంచిన వరద అలంపురాన్నీ తాకింది. అంతకుముందే 2005లో అక్కడ జోగులాంబ అమ్మవారి గుడి కొత్తగా లేచింది. 2016లో జిల్లాకే ఆ తల్లి పేరు పెట్టారు. ఇవి మీ కళ్లముందు జరిగినవే.

చివరిగా సోమశిల. నవంబర్లో అక్కడికి పోతే నల్లమల గుట్టల మధ్య నీళ్లు నిండుగా, పుట్టిలో బెస్తలు వల లాగుతూ ఉంటారు. ఏప్రిల్లో పోతే మైలు దూరం పగిలిన ఒండ్రు, అక్కడక్కడ పాత ఊరి గోడలు. 2007 జనవరిలో ఆ దాపుల్లో పడవ మునిగి పదులకొద్దీ ప్రాణాలు పోయాక వంతెన కోరిక బలపడింది. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెనకు 2022లో కేంద్రం ఒప్పుకుంది. దాటు మళ్లీ వస్తోంది, మంచిదే. అయితే వంతెన స్తంభాలు దిగేది పాత రేవుల ఒండ్రులోకే. నీళ్లు దిగిన ఒక్క వేసవి పురాతత్వ శాఖవాళ్లు ముందు నడిచి, ఇంజనీర్లు వెనక నడిస్తే చాలు. ఆ విజ్ఞప్తి రాతపూర్వకంగా సిద్ధంగా ఉంది, సంతకాలకు కాగితం వెనక వరుస నుంచి మొదలైంది.