కీళ్ళ నొప్పులు, పేగుల్లోని బాక్టీరియా, మన హక్కు

(కార్యకర్తల ఆరోగ్య శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే చోట పేగుల్లోని బాక్టీరియా గురించి చెప్తానంటే నిర్వాహకుల్లో ఒకరిద్దరు నవ్వారు. నవ్వొచ్చే విషయమే. కానీ ఊళ్ళల్లో తిరిగే మీకు ఈ మనిషి బాగా తెలుసు. ముప్ఫై, నలభై ఏళ్ళ స్త్రీ. పొద్దున లేవగానే పిడికిలి ముడుచుకోదు. చెంబు పట్టుకోలేదు, జడ వేసుకోలేదు. గంట గడిస్తే గానీ చేతులు స్వాధీనంలోకి రావు. బీడీలు చుట్టే మనిషైతే వేళ్ళతోపాటు కూలీ కూడా పోతుంది. ఇంట్లోవాళ్ళు పని ఎగ్గొట్టడానికి నాటకం అంటారు. ఆరెంపీ డాక్టరు సూది వేస్తాడు. వారం హాయిగా ఉంటుంది, మళ్ళీ మొదలు. కొన్నేళ్ళకు వేళ్ళు వంకర్లు పోతాయి.

ఇది వయసుతో వచ్చే కీళ్ళ అరుగుదల కాదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్. బయటి క్రిములతో పోరాడాల్సిన మన రోగనిరోధక శక్తి మన కీళ్ళ మీదే తిరగబడటం. ఇలాంటివాటిని ఆటో ఇమ్యూన్ జబ్బులంటారు. లూపస్ అదే కుటుంబం, షోగ్రెన్ అదే కుటుంబం. రుమటాయిడ్ వచ్చిన నలుగురిలో సుమారు ముగ్గురు స్త్రీలు. లూపస్‌లోనైతే పదిమందిలో తొమ్మిదిమంది.

ఎందుకిలా మనకే? హార్మోన్ల పాత్ర ఉంది. క్రోమోజోముల పాత్రా ఉంది. స్త్రీ కణంలో రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. వాటిలో ఒకదాన్ని మూసి ఉంచే ఎక్సిస్ట్ అనే అణువు ఈ తిరుగుబాటును ఎగదోయగలదని 2024లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు ఎలుకల్లో చూపించారు. ఈ మధ్య కాలంలో అందరి చూపూ పడిన ఇంకో చోటు పేగు.

మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉన్నాయని 2016లో లెక్క కట్టారు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. మన కణాలకు పదిరెట్లు అని పాత పుస్తకాల్లో ఉండేది, అది తప్పు లెక్క. ఈ బాక్టీరియాలో అత్యధికం పెద్దపేగులో ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచును అవి తిని బ్యుటిరేట్ లాంటి పదార్థాలు తయారుచేస్తాయి. పేగు గోడకు అదే బలం. రోగనిరోధక కణాలను అదుపులో పెట్టే కణాలు పెరగడానికీ అది తోడ్పడుతుంది. గోడ బలహీనపడితే లోపలుండాల్సిన బాక్టీరియా ముక్కలు బయటపడతాయి, కాపలా కణాలు రెచ్చిపోతాయి. రుమటాయిడ్‌లో ఒక ముఖ్యమైన సంగతి ఏమిటంటే, కీళ్ళు వాయడానికి ఏళ్ళ ముందే రక్తంలో కొందరికి యాంటీ సీసీపీ అనే యాంటీబాడీలు కనిపిస్తాయి. అంటే జబ్బు కీలులో మొదలు కాలేదేమో. చిగుళ్ళలోనో, ఊపిరితిత్తుల్లోనో, పేగులోనో మొదలై ఉండొచ్చు.

2010లో ఒక ప్రయోగం జరిగింది. కీళ్ళ జబ్బు తప్పక వచ్చే జాతి ఎలుకలను బాక్టీరియా అసలే సోకకుండా పెంచితే జబ్బు బాగా తగ్గిపోయింది. ఒకే ఒక్క రకం పేగు బాక్టీరియాను ఎక్కించగానే తిరిగొచ్చింది. 2013లో న్యూయార్క్‌లో మనుషులను చూశారు. జబ్బు కొత్తగా బయటపడి ఇంకా మందు మొదలెట్టని 44 మందిలో 33 మంది పేగుల్లో ప్రివొటెల్లా కోప్రి అనే బాక్టీరియా దొరికింది. ఆరోగ్యవంతులు 28 మందిలో అది ఆరుగురికే ఉంది. అదే ఏడాది టొరాంటోలో మగ ఎలుకల పేగు బాక్టీరియాను ఆడపిల్ల ఎలుకలకు ఎక్కిస్తే వాటిలో టెస్టోస్టిరాన్ పెరిగింది, ఆటో ఇమ్యూన్ మధుమేహం నుంచి రక్షణ దొరికింది. నన్నడిగితే అన్నిటికన్నా ఆసక్తికరమైంది ఇదే. హార్మోనూ పేగూ వేర్వేరు కథలు కావన్నమాట.

ఇక్కడ కాస్త ఆగాలి. ప్రివొటెల్లా ఉంది కాబట్టి జబ్బు అనుకుంటే మన దేశంలో సగం మంది మంచాన పడాలి. ధాన్యం, కూరగాయలు ఎక్కువ తినేవాళ్ళలో ఆ జాతి మామూలుగానే ఎక్కువ. భోపాల్, కేరళ ప్రజల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో భోపాల్ వాళ్ళ పేగుల్లో అదే ముందుంది. ఒకే పేరు కింద ఎన్నో రకాలున్నాయి, అన్నీ ఒకలా ప్రవర్తించవు. న్యూయార్క్ కొలబద్ద మన ఊరికి పనికిరాదు. మన స్త్రీల మీద మన దగ్గర పరిశోధన జరగాలని అడగడం అందుకే హక్కు. అమెరికాలో కూడా 1977 నుంచి 1993 దాకా పిల్లల్ని కనే వయసు స్త్రీలను మందుల తొలి పరీక్షల నుంచి తప్పించమనే నిబంధన ఉండేది. ఎవరి జబ్బు ఎక్కువో వాళ్ళే లెక్కలో లేరు.

నాకున్న భయం ఇంకొకటి. ఈ సైన్సు మన దగ్గరికి వచ్చేసరికి రెండు రూపాలు తొడుక్కుంటుంది. ఒకటి, అంగట్లో డబ్బా. ఫలానా ప్రోబయోటిక్ తాగితే కీళ్ళు బాగవుతాయనే ప్రకటన. రుమటాయిడ్‌ను మాన్పే ప్రోబయోటిక్ ఏదీ ఇప్పటిదాకా రుజువు కాలేదు. రెండోది, "నువ్వు తిన్న తిండివల్లే వచ్చింది" అనే నింద. వంకాయ తిన్నావు, పుల్లటి పెరుగు తిన్నావు అని ఇప్పటికే అంటున్నారు, రేపు బాక్టీరియా పేరుతో అంటారు. అందరికీ పెట్టి చివర మిగిలింది తినే మనిషిని, చౌకడిపోలో పాలిష్ బియ్యం తప్ప దొరకని మనిషిని, ఏం తిన్నావని నిలదీయడం ఏం న్యాయం? తిండి సంగతి కొట్టిపారెయ్యను. 2021లో స్టాన్‌ఫర్డ్‌లో 36 మంది ఆరోగ్యవంతులతో జరిపిన అధ్యయనంలో, పది వారాలు పులిసిన ఆహారం ఎక్కువగా తిన్నవాళ్ళలో వాపుకు సంబంధించిన 19 ప్రొటీన్లు తగ్గాయి. మన తరవాణి, పెరుగు, అంబలి గుర్తొస్తాయి కదా! కానీ వాళ్ళు ఆరోగ్యవంతులు. జబ్బు ముదురుతున్న మనిషికి అంబలి పోసి మందు ఆపితే వేళ్ళు పోతాయి.

మందులున్నాయి. మొదటి కొద్ది నెలల్లో మొదలెడితే కీళ్ళను చాలావరకు కాపాడుకోవచ్చు. మన పని అక్కడుంది. రెండు చేతుల చిన్న కీళ్ళు ఆరు వారాలకు మించి వాచి, పొద్దున గంటసేపు బిగుసుకుంటే, ఆమెను సూది దగ్గరికి కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఆర్.ఎ. పరీక్ష నెగటివ్ వచ్చిందని జబ్బు లేదని పంపేస్తే ఒప్పుకోవద్దు, నెగటివ్ వచ్చినా జబ్బుండొచ్చు. మెథోట్రెక్సేట్ బిళ్ళలు వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం పోవచ్చు. చీటీ మీద ఫలానా వారం అని తెలుగులో రాయించండి.

2020లో కరోనాకు పనిచేస్తుందని హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం జనం ఎగబడ్డారు. కరోనాకు అది పనిచెయ్యలేదు. కానీ ఏళ్ళ తరబడి దాని మీదే బతుకుతున్న లూపస్ స్త్రీలకు షాపుల్లో దొరకలేదు. ఆ నిల్వ మీద వాళ్ళకు మొదటి హక్కుందని గట్టిగా అడిగే సంఘాలు తక్కువ.

ఇంకో మాట చెప్పి ప్రశ్నలకు వస్తాను. కడుపుతో ఉందని తెలియగానే అత్తగారో ఇంకొకరో మందులన్నీ మానిపిస్తారు. మెథోట్రెక్సేట్ విషయంలో అది నిజమే, గర్భం రాకముందే ఆపాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం గర్భంలోనూ వాడవచ్చు, లూపస్‌లో ఆపితేనే ముప్పు. పిల్లలు కావాలనుకుంటున్నావా, ఎప్పుడు అని మందు రాసే ముందు డాక్టరు ఆమెనే అడగాలి. ఆమె భర్తను కాదు.