బియ్యం సరే, నీళ్లేవి?

(తీర్థమలైలో జరిగిన కార్మికుల సభలో మన సంఘ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈ కొండ మీద రామతీర్థం, అగ్నితీర్థం, కుమారతీర్థం, గౌరీతీర్థం, అగస్త్యతీర్థం అని ఐదు తీర్థాలున్నాయి. ఆ నీళ్లు తలమీద పోసుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. కొండ దిగాక బిందెడు మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయని అడిగితే మాత్రం జవాబు అంత తేలిగ్గా రాదు. ఇవాళ మనం మాట్లాడుకోవలసింది ఆ బిందె గురించే.

2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. అక్కడితో పోతుందనుకున్నాం. కాని మన మెట్ట మీదికి వచ్చి కుమ్మరించింది. ఒక్క రోజులో ఊత్తంగరైలో 50 సెంటీమీటర్లు, అరూరులో 33 సెంటీమీటర్ల వాన. ఎప్పుడూ కరువుకి చందాలు వేసుకునే మనం వరదకి వేసుకున్నాం. మిల్లుల్లో ఉన్న మన పిల్లలు కూలిలోంచి తీసి ఇచ్చారు. బియ్యం, చీరలు, దుప్పట్లు లారీకెత్తాం. దిగినచోట ఒక ముసలమ్మ అడిగింది: "బియ్యం సరే నాయనా, దేంతో వండేది?" బావి నిండా బురద. బోరు మునిగింది. మరుగుదొడ్ల గుంటలు పొంగి ఆ నీళ్లలోనే కలిశాయి. మా లారీలో గుప్పెడు బ్లీచింగ్ పౌడరైనా లేదు. అది మా తప్పే, ఒప్పుకుంటున్నాం.

ఇంకొక సంగతి మన అక్కచెల్లెళ్లు చెబితేగాని మాకు తెలియలేదు. బడిలో తలదాచుకున్న ఆడవాళ్లు, బయటికి వెళ్లడానికి చీకటిపడేదాకా ఆగాలని, పగలంతా నీళ్లు తాగడమే మానేశారట. మేం పంచిన పాతచీరలు చింపి నెలసరికి వాడుకున్నారు. మగవాళ్లం కూర్చుని రాసిన జాబితాలో ఆ సామాను ఒక్కటీ లేదు మరి.

ఇవి మనకి తెలియని విషయాలా? 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో మిల్లులో తాగునీరు ఉండాలనీ, ఆ చోట కార్మికులకి అర్థమయ్యే భాషలో బోర్డు రాయాలనీ, ఆడవాళ్లకి వేరే మరుగుదొడ్లు కట్టాలనీ ఉండేది. దాన్ని పట్టుకుని యాజమాన్యాలతో ఎన్నిసార్లు పోట్లాడామో మీకు తెలుసు. మిల్లు గేటు దాటి ఊరికి సాయం పట్టుకెళ్లేసరికి అదంతా మరిచిపోయాం.

మన జిల్లాలో ఇంకో చిక్కుంది. ఫ్లోరైడ్. మన తెలుగువాళ్లకి ఈ జబ్బు కొత్తది కాదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో దీన్ని కనిపెట్టి డాక్టర్లు రాశారు. నల్లగొండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2013లో హొగేనకల్ పథకం కింద కావేరి నీళ్లు ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకి వచ్చింది ఇందుకే. వరదలో పైపు తెగితే జనం మళ్లీ బోరు దగ్గరికి పోతారు. నీళ్లు కాస్తే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. బ్లీచింగుకీ పోదు. అయినా ఆ పదిరోజులు బోరునీళ్లు బ్లీచింగ్ వేసుకుని తాగవలసిందే. వాంతులూ విరేచనాలూ ఒక్కరోజులో ప్రాణం తీస్తాయి. ఫ్లోరైడ్ ఎముకలు వంచడానికి ఏళ్లు పడుతుంది. పైపు బాగుచేయించే దాకా పంచాయతీని వదలకూడదు. ఆ పని సంఘానిది.

బ్లీచింగ్ పౌడర్ తేటనీళ్లకైతే వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు చాలు. బురద నీళ్లకి ఎక్కువ పడుతుంది. ఎంతో పరీక్ష చేసి ఆరోగ్యశాఖవాళ్లే చెప్పాలి. పొడిని నేరుగా బావిలో పోయకండి. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే పోసి, గంట ఆగాలి. మూత సరిగ్గా లేని డబ్బాలో ఉంచితే పౌడర్ సత్తువ పోతుంది. పోయినేటి సరుకు దాచి ఈ ఏడు పంచితే సున్నం పంచినట్టే.

అందుకని ప్రతి శాఖ ఈశాన్య రుతుపవనాలకి ముందే, అక్టోబరు మొదట్లో, కొత్త బ్లీచింగ్ డబ్బా, ఓఆర్‌ఎస్ పొట్లాలు, మూతా కుళాయీ ఉన్న డ్రమ్ములు, సబ్బులు, నెలసరి గుడ్డలు, మరుగుకి టార్పాలిన్లు కొనిపెట్టుకోవాలి. బియ్యం ఆ తర్వాతి లారీలో వెళ్తుంది. ఈసారి సామాను జాబితా రాసే కమిటీలో సగంమంది ఆడవాళ్లుండాలని కార్యవర్గం తీర్మానించింది. గుమ్మం దగ్గర బల్లమీద పుస్తకం పెట్టాం. వెళ్లేముందు పేర్లు రాసి వెళ్లండి.