కాఠ్మండు నగరము - దేవాలయములు - ప్రజలు

(రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఒక పల్లెలో గ్రంథాలయమును ఇరువదియైదు సంవత్సరములు నిలుపుట సామాన్యమైన పని కాదు. భవనము కట్టుటకు ఒకనాటి ఉత్సాహము చాలును. ప్రతిదినము తలుపు తీయుటకు, పత్రికలు తెప్పించుటకు, చిరిగిన పుస్తకమునకు అట్ట వేయించుటకు నిత్యోత్సాహము కావలెను. ఈ సందర్భమున యాత్రా విశేషము లేవైన చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను చూచిన నగరములలో మీ ఉత్సవమునకు తగినది ఏది యని ఆలోచింపగా, నేపాళ రాజధానియగు కాఠ్మండు నాకు తోచినది. ఎందువలన తోచినదో చివర మనవి చేసెదను.

బీహారులోని రక్సౌల్ వరకు రైలు గలదు. సరిహద్దు దాటిన వెంటనే బీర్‌గంజ్ పట్టణము. అక్కడినుండి కొండలలోనికి పోవు పాత దారికి త్రిభువన రాజపథమని పేరు. భారతదేశ సహాయముతో నిర్మింపబడిన ఈ మార్గము 1956 నాటికి పూర్తియైనది. అంతకు పూర్వము ఆ లోయలోనికి మైదానమునుండి బండి బాట లేదు. రాణా ప్రభువుల మోటారు కారులను సైతము కూలీలు భుజములపై మోసి కొండలు దాటించిరి. నేడు వేరు దారులును, విమానములును ఉన్నవి గాని, నేను ఈ దారినే పోయితిని. మొదట సాలవృక్షముల అడవులు, పిమ్మట మలుపులు తిరుగుచు సుమారు 2,500 మీటర్ల ఎత్తువరకు ఎక్కుట. అక్కడ దామన్ అను చోట ఆకాశము నిర్మలముగా నున్నచో మంచుకొండలు ఒక వరుసగా కానవచ్చును. తరువాత దిగుడు. సముద్రమట్టమునకు దాదాపు 1,400 మీటర్ల ఎత్తున, కొండల నడుమ పళ్లెమువలె పరచుకొన్న లోయ కాఠ్మండు.

ఆ లోయ పూర్వము సరస్సనియు, మంజుశ్రీ అను బోధిసత్త్వుడు తన ఖడ్గముతో దక్షిణపు కొండను చోభార్ వద్ద ఖండింపగా నీరు వెడలిపోయి నేల తేలినదనియు అచ్చటివారు చెప్పుదురు. భూగర్భ శాస్త్రజ్ఞులును అది ఒకప్పుడు సరస్సే యని నిర్ణయించిరి. ఆ సరస్సు అడుగునుండిన మట్టియే వారికి పంటపొలము, వారి ఇటుక, వారి కుండ. ఆ మెత్తని మట్టియే భూకంపము వచ్చినప్పుడు కదలికను హెచ్చించి ఇండ్లను కూల్చుచున్నది. వరమును శాపమును ఒకే మట్టిలో నున్నవి.

నగరము యొక్క సందడిని చూడదలచిన వారు ఉదయముననే అసన్ అను బజారునకు పోవలెను. ఆరు వీథులు అక్కడ కలియును. బియ్యము, పప్పులు, మిరియాలు, ఎండుచేపలు, ఇత్తడి పాత్రలు, పువ్వుల దండలు అన్నియు రాసులుగా నుండును. ఆ సందడి నడుమ అన్నపూర్ణాదేవి గుడి. లోపల విగ్రహమునకు మారుగా వెండి పూర్ణకలశమును పూజింతురు. వీపుపై బరువు, నొసటిపై పట్టెడ వేసికొన్న కూలి కూడ దేవి యెదుట క్షణమాత్రము నిలిచి నమస్కరించి సాగిపోవును. కొంత దూరమున ఒక కొయ్య మొద్దు గలదు. పంటి నొప్పిగలవారు దానికి నాణెము పెట్టి మేకు కొట్టుదురు. ఇన్ని నాణెములు, ఇన్ని మేకులు చేరగా అసలు కొయ్య కనబడుటయే కష్టము. ఇంద్రచౌకులో పూసల అంగళ్లు, ఆకాశభైరవుని మందిరము. ఆ ఊరిలో గుడికి వేరుగా పోనక్కరలేదు. గుడియే త్రోవలో ఎదురగును.

నగరమునకు తూర్పున బాగ్మతీ తీరమున పశుపతినాథుని ఆలయము. బంగారు పూత పూసిన రెండంతస్తుల కప్పు, వెండి తలుపులు, ద్వారము కెదురుగా మహానంది. లింగమునకు నాలుగు ముఖములు. నిరాకారమైన ఐదవ ముఖము ఊర్ధ్వమున గలదని భావింతురు. అర్చకులు కర్ణాటక దేశమునుండి వచ్చిన భట్టులు. హిమాలయముల చెంత దక్షిణాది వారి మంత్రధ్వని వినగానే నాకు ఒడలు పులకరించినది. గోడ క్రిందనే నది ఒడ్డున చితులు కాలుచుండును. ఒక మెట్టుపై స్నానము, ఒక మెట్టుపై పిండప్రదానము, ఒక మెట్టుపై చిత. ఎవరును ఎవరికిని అడ్డు కారు.

పడమటి కొండపై స్వయంభూ స్తూపము. అమరావతిలో మనము శిథిలముగా చూచు స్తూపము అక్కడ సజీవముగా దీపముల నడుమ నిలిచియున్నది. దాని ప్రక్కన పసిబిడ్డలను కాచు హారీతీదేవి గుడి. బౌద్ధులును హిందువులును ఆమెకే మ్రొక్కుదురు. మన నాగార్జునకొండ త్రవ్వకములలోను హారీతి ఆలయము బయల్పడినది. మన గడ్డపై మరచిపోబడిన తల్లికి అక్కడ నేటికిని పాలు, అన్నము నివేదన జరుగుచున్నది.

ఇంతవరకు కన్నులకు కనబడునవి చెప్పితిని. ఇక కనబడనిది చెప్పవలెను. అక్కడి గుళ్లు మన గుళ్లవలె రాతి కట్టడములు కావు. ఇటుకకు మట్టియే అడుసు. పై కప్పులను చెక్కడపు కొయ్య దూలములు మోయును. ప్రతి వర్షాకాలము కప్పుపై గడ్డి మొలచును, పెంకు జారును, దూలము నానును. ఒక తరమువారు ఏమరినచో మరుతరమునకు గుడి యుండదు. అయినను అవి శతాబ్దములుగా నిలిచినవి. దీనికి కారణము గుఠీ అను వ్యవస్థ.

గుఠీ యనగా మన గోష్ఠి శబ్దమే. ఆ లోయకు పూర్వులైన నేవారు జనులు కొన్ని కుటుంబములుగా చేరి, కొంత భూమిని దేవునిపేర విడిచి, ఆ పంటతో దీపమునకు నూనె, ఉత్సవమునకు భోజనము, కప్పునకు మరమ్మతు జరుపుకొందురు. ఒక్కొక్క యేడు ఒక్కొక్క ఇంటికి వంతు. వంతు తప్పినవారికి జరిమానా. శవమును మోయుటకును వేరుగా గుఠీ గలదు. మన మాన్యములకు ఇది చుట్టమే. కాని అజమాయిషీ అంతయు సభ్యులదే. 1964లో ప్రభుత్వము గుఠీ సంస్థానమును స్థాపించి అనేక గుఠీల భూములను దానిక్రిందికి తెచ్చినది. కాలక్రమమున భూములు చేజారి, పెక్కు గుఠీలు క్షీణించినవి. 2019లో గుఠీలను గూర్చి క్రొత్త చట్టమును ప్రతిపాదింపగా వేలాది ప్రజలు వీథులలోనికి వచ్చిరి. ప్రభుత్వము ఆ బిల్లును ఉపసంహరించుకొనవలసి వచ్చినది.

ఈ శ్రద్ధకు పరీక్ష 2015 ఏప్రిల్ 25వ తేదీన వచ్చినది. 7.8 ప్రమాణముగల భూకంపమునకు ఆ దేశమున దాదాపు తొమ్మిదివేలమంది మరణించిరి. నగరమునకు తన పేరిచ్చిన కాష్ఠమండపము కూలినది. ఒకే వృక్షపు కొయ్యతో కట్టినారని ప్రసిద్ధిగల ఆ మండపములో ఆ దినమున రక్తదానము జరుగుచుండెను. పరులకు ప్రాణము పోయ వచ్చినవారిలో కొందరు అచ్చటనే ప్రాణములు విడిచిరి. పిమ్మట త్రవ్వి చూడగా పునాదులు ఏడవ శతాబ్ది ప్రాంతమువని తేలినది. అంతకు పూర్వము అది పండ్రెండవ శతాబ్దిదని తలచిరి. పునర్నిర్మాణము మామూలు కంట్రాక్టు పనిగా సాగరాదనియు, పూర్వపద్ధతిలో కొయ్యతో, ఇటుకతో, మట్టితోనే జరుగవలెననియు పౌరులు పట్టుబట్టి, సంఘముగా చేరి పనిలో పాల్గొనిరి. 2022 నాటికి మండపము మరల నిలిచినది. నేను దాని స్తంభమును చేతితో తాకి చూచితిని. కొయ్య క్రొత్తది; నిలిపిన పట్టుదల పాతది.

గ్రంథాలయ సభ్యులైన మీకు ముఖ్యముగా చెప్పవలసినది ఒకటి మిగిలినది. మన ఆంధ్రదేశమున 1914లోనే విజయవాడలో గ్రంథాలయ మహాసభ జరిగినది. కాఠ్మండులోనో, 1930లో కొందరు యువకులు గ్రంథాలయము నెలకొల్పుటకు అనుమతి కోర పూనుకొనగా, రాణా ప్రభుత్వము వారిని నిర్బంధించి జరిమానాలు విధించినది. తరువాత మహాకవిగా కీర్తి గాంచిన లక్ష్మీప్రసాద్ దేవకోట వారిలో ఒకరు. నేపాళ చరిత్రలో దీనికి పుస్తకాలయ పర్వమని పేరు. గుళ్లు కట్టిన ప్రభువులకు పుస్తకము చూచిన భయము! ప్రజలు ఒకచోట కూర్చుండి చదువుకొన్నచో ప్రశ్నింతురని వారికి తెలియును. 1951లో రాణాల పాలన అంతరించినది. 2008లో రాజరికమే పోయినది. గ్రంథాలయములు మాత్రము వెలసినవి. నేవారీ భాషాభిమానియైన ప్రేమ బహాదుర్ కంసాకార్ సేకరించిన ప్రాచీన లిఖిత గ్రంథములు నేడు ఆశా సఫూ కుఠీ అను గ్రంథాలయములో చదువరులకు అందుబాటులో నున్నవి.

కాఠ్మండు నాకెందులకు తోచినదో ఇప్పుడు మీకు బోధపడి యుండును. అక్కడి గుడి నిలిచినది రాజు కట్టినందువలన మాత్రమే కాదు. వంతు వచ్చిన గృహస్థు తన యేటి పనిని తప్పక చేసినందువలన. మీ గ్రంథాలయమును అట్టిదే. దాతలు స్థలమిచ్చిరి, పెద్దలు భవనము కట్టించిరి. వారికి మనము కృతజ్ఞులము. కాని చందా సకాలమున చెల్లించిన రైతు, పుస్తకమును చెడకుండ తిరిగి తెచ్చియిచ్చిన బాలిక, జీతము చాలకున్నను తలుపు తీసిన గ్రంథపాలకుడు, వీరే దీని గుఠీ. మీ పిల్లలకు గ్రంథాలయముతోబాటు ఈ వంతును కూడ అప్పగింపుడు. ఈ సంస్థ స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక.