సెకనుకు పది పిలుపులు

 

ఈరోజు పట్టా అందుకుంటున్న మీ అందరి ఫోన్లూ సైలెంట్‌లో ఉన్నాయి. ఈ హాలు గోడలకున్న వైఫై పెట్టెలు మాత్రం ఊరుకోలేదు. ఒక్కొక్కటీ సెకనుకు దాదాపు పదిసార్లు తన పేరు, తన వేగాలు, తన గడియారంలో సమయం చాటుతూనే ఉంది. దాన్నే బీకన్ అంటాం. ఓడలకూ విమానాలకూ దారి చూపే దీపం పేరే దీనికీ పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు రన్‌వే ఉన్న తాడేపల్లిగూడెంలో ఆ మాటకు వేరే అర్థం చెప్పనక్కర్లేదు.

నేను కొల్లేటి లంకలో పుట్టాను. దోనె మీద ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం మా నాయనమ్మ రేవులో లాంతరు పెట్టేది. ఎవరూ రాని రాత్రి కూడా పెట్టేది. బీకన్ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకా లాంతరే గుర్తొచ్చింది.

రూటరు సెట్టింగుల్లో బీకన్ ఇంటర్వెల్ అని ఒక గడి ఉంటుంది. అందులో 100 అని ఉంటుంది. చాలామంది దాన్ని 100 మిల్లీసెకన్లు అనుకుంటారు. కాదు, 100 టైమ్ యూనిట్లు. ఒక్కో యూనిట్ 1024 మైక్రోసెకన్లు. అంటే బీకన్‌కూ బీకన్‌కూ మధ్య 102.4 మిల్లీసెకన్లు. మీలో ఎంతమంది ఆ గడిలో అంకె మార్చి చూశారు? అసలు ఆ అంకె ఎవరి అవసరానికి సరిపోతుందని అడిగారు?

నేను అడగాల్సి వచ్చింది ఒక హాస్టల్లో. పేరు చెప్పను. విద్యార్థులకో నెట్‌వర్కు, సిబ్బందికో, అతిథులకో, కెమెరాలకో... అలా ఒక్కో పెట్టె నుంచి ఎనిమిది పేర్లు. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. లెక్క వేశాం. వైఫై మొదటి ప్రమాణం 1997లో వచ్చినప్పటి కనీస వేగం సెకనుకు 1 మెగాబిట్. పాత పరికరాలకు కూడా అర్థం కావాలని అక్కడ బీకన్‌ను ఇంకా ఆ వేగంతోనే పంపుతున్నారు. 300 బైట్ల బీకన్ ఆ వేగంతో వెళ్లడానికి దాదాపు 2.6 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక్క పేరుకే గాలిలో రెండున్నర శాతం సమయం. ఎనిమిది పేర్లకు ఇరవై శాతం. ఒకే ఛానెల్లో అలాంటి పెట్టెలు మూడు ఒకదానికొకటి వినపడుతుంటే, ఒక్క అక్షరం చదువు సాగకముందే అరవై శాతం హారతి కర్పూరం! మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. అది అందరిదీ. కాబట్టి ఎవరు కేక పెట్టినా అందరి సమయమే పోతుంది. ఎనిమిది పేర్లను రెండుకు తగ్గించాం. బీకన్ వేగం 6 మెగాబిట్లకు పెంచాం. కొత్త పెట్టె ఒక్కటీ కొనలేదు.

రెండో సంగతి మా బాబాయి చెరువుది. కొల్లేరు అభయారణ్యం హద్దుకు బయట ఉన్న చెరువు, శీలావతి, బొచ్చె చేపలు పెంచుతాడు. నీటిలో ఆక్సిజన్ కొలిచే చిన్న పెట్టెను తేలేలా కట్టాను. దానికి బ్యాటరీ, అరచేయంత సోలార్ పలక. ముసురు పట్టిన రోజుల్లో బ్యాటరీ చాలడం లేదని ఒక ఉపాయం ఆలోచించాను. నిద్రపోయే పరికరం బీకన్ వినడానికే కదా మేల్కొంటుంది! నీకోసం ఏమైనా వచ్చి ఉందా లేదా అన్న జాబితా ఆ బీకన్‌లోనే ఉంటుంది. పిలుపులు తగ్గిస్తే నిద్ర పెరుగుతుందనుకుని రూటరులో ఆ 100ను 1000 చేశాను.

మూడో రాత్రి బాబాయి ఫోన్ చేశాడు. "ఒరే అబ్బాయ్, నీ పెట్టె పడుకుంది, నా చేప పైకి లేచింది" అన్నాడు. చేపలు నీటి మీదికొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆయన అలవాటుగా లేచి చూసి ఏరేటర్లు వేశాడు కాబట్టి చెరువు దక్కింది. తప్పు నాదే. బీకన్ కోసం ఆ పరికరం ఆగే గడువు చాలా తక్కువ. వానలో రెండు మూడు బీకన్లు వినపడకపోయేసరికి లింకు తెగిందనుకుని ఛానెళ్లన్నీ వెతకడం మొదలుపెట్టింది. వెతికి వెతికి ఉన్న బ్యాటరీ కాస్తా అయిపోయింది. నిద్ర పెంచబోయి జాగారం చేయించాను.

మళ్లీ 100 పెట్టాను. పిలుపు తగ్గించకుండా, ప్రతి పదో పిలుపుకే లేవమని పరికరానికి చెప్పాను. అందరికీ కలిపి పంపే సమాచారం ఎన్ని బీకన్లకోసారి వదలాలో చెప్పే డీటిమ్ అనే అంకెను 3 చేశాను. అలాంటి కబురు రూటరు దగ్గర మూడో వంతు సెకనుకు మించి ఆగదు, చెరువుకు అది ఆలస్యం కాదు. గట్టు మీద మూడు రాత్రులు కూర్చుని కొలిచాకే ఆ అంకెలు ఖాయం చేశాను. మొదటిసారి మాత్రం ఏలూరులో మా ఇంట్లో కుర్చీలోంచే మార్చాను.

ఇంకొక్క మాట. నెట్‌వర్క్ పేరు దాచేస్తే భద్రమని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పేరు గడి ఖాళీ అవుతుంది, బీకన్ మాత్రం ఆగదు. పైగా ఆ పేరు గుర్తుపెట్టుకున్న ఫోను, తాడేపల్లిగూడెం స్టేషన్లో ఉన్నా సరే, నువ్వున్నావా అని దాన్ని పేరుపెట్టి పిలుస్తుంది. మీ ఇంట్లో అలా ఉంటే ఈ రాత్రే మార్చేయండి. గట్టి పాస్‌వర్డ్ పెట్టండి.

ఉద్యోగాల్లో చేరడానికి మీకింకా కొన్ని వారాలు ఉన్నాయి. కైకలూరు వైపో ఆకివీడు వైపో ఒక్క చెరువు గట్టుకు వెళ్లి రండి. అక్కడి రైతును అడిగి, పెట్టె చూసి, అంకెలు రాసుకోండి. వెళ్లేటప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లండి. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన నీటిపాచి రాత్రంతా దాన్నే పీల్చుకుంటుంది కాబట్టి, చెరువులో ఆక్సిజన్ అట్టడుక్కు పడిపోయేది ఆ వేళకే.