కఱవునాటి భక్తి



సాలున కించుమించు 55 సెంటీమీటర్ల వానతో బ్రదుకు నీ సీమయందు దైవభక్తి సులభము కాదు. కంటియెదుట వేరుసెనగ చేను మాడిపోవుచుండగా గుడిగంట కొట్టుటకు మాకును చేయి రాని దినములు గలవు. దీనిని దాచనేల?

1866వ సంవత్సరపు కఱవున, ఇప్పుడు మన పొరుగున నంద్యాల జిల్లాలోనున్న ఉయ్యాలవాడయందు బుడ్డా వెంగళరెడ్డిగారు ఆకలిగొనివచ్చిన వేలకొలది జనులకు అన్నము పెట్టిరి. వాన కురిసిన పిదప గాదు, కురియక మున్నే. దేవునియెదుట నోరు పెగలని నాడు సయితము పొరుగువానికి విస్తరి వేయవచ్చును గదా!

మన మాట చెప్పుకొందము. నిరుడు వేసవిలో మన సంఘపు చలివేంద్రముకడ నీరు మనవారికే యని కొంద ఱనిరి. మేమును ఊరకుంటిమి. ఒక ముసలమ్మ దప్పికతో మరలిపోయెను. ఆ రాత్రి దీపము ముందు కన్నులు మూయగా ఆమె ముఖమే కానవచ్చెను, మంత్రము మఱచితిమి.

కావున, ఈ యేట కుండలను బాట ప్రక్కకు జరిపి, అడిగినవారికెల్ల నీరు పోయవలెనను తీర్మానమును సభవారి యెదుట నుంచుచున్నాము. మొదటి దినమున ముంత మేమే పట్టుకొందుము.