పాత కారు, కొత్త ఇంజను

మన ఇండ్లలో వస్తువును పారవేయడం ఏనాడూ తేలిక పని కాదు. చిల్లుపడిన బిందెకు మాటు వేయించడం, ఇత్తడి గిన్నెకు కళాయి పెట్టించడం, వదులైన నవారును విప్పి మంచాన్ని మళ్ళీ అల్లించడం గృహస్థుల నిత్యకృత్యాలలో భాగంగానే సాగుతూ వచ్చాయి. కుట్టుమిషనుకూ, గోడగడియారానికీ, రేడియో పెట్టెకూ అదే మర్యాద దక్కింది. ఇప్పుడు ఆ వరుసలోకి చిన్న కారు కూడా వచ్చి చేరింది. పాత కారును ఇంటివద్దనే బాగుచేసుకొని, అరిగిపోయిన ఇంజనును తీసి వేరొక ఇంజను అమర్చుకోవడం ఎంతవరకు సాధ్యం, ఎంతవరకు ఉచితం అన్నదే నేటి మన ప్రస్తావన.

సామాను పెట్టె విడిగా లేకుండా, వెనుక తలుపు పైకి లేచే చిన్న కారును హాచ్‌బ్యాక్ అంటారు. మన దేశంలో ఈ తరహా కారు మధ్యతరగతి వాకిట్లోకి వచ్చినది మారుతి 800తోనే అని చెప్పవచ్చు. 1983 డిసెంబరు 14వ తేదీన తొలి కారు తాళాలు కొనుగోలుదారు చేతికి అందాయి. 1986లో దాని ఆకారం మారింది. 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా 13 నగరాలలో పొగకు సంబంధించిన కొత్త నిబంధనలు అమలులోకి రాగా ఆ నగరాలలో దీని అమ్మకం ఆగిపోయింది. 2014 జనవరిలో తయారీయే నిలిచిపోయింది. ముప్పది ఏండ్లలో పాతిక లక్షలకు పైగా తయారైన వాహనం కనుక, విడిభాగాలు నేటికీ దొరుకుతున్నాయి. దీనిని బాగుచేయగల చేతులు కూడా ఇంకా మన ఊళ్ళలో ఉన్నాయి.

మా ఇంట ఉన్నది 1997వ సంవత్సరపు కారు. నాన్నగారు ఉద్యోగ విరమణ చేసిననాడు చేతికి వచ్చిన సొమ్ములో కొంత పెట్టి కొన్నారు. వారు గతించిన పిదప అది సముద్రానికి దగ్గరగా ఉన్న మా స్వస్థలంలో, రేకుల వసారాలో, ఆరేండ్లు కదలకుండా నిలిచి ఉన్నది. పాత ఇనుముల వర్తకుడు వచ్చి ధర కట్టినప్పుడు మా అమ్మగారు ఒక్కటే మాట అన్నారు. "అమ్మితే అమ్మండి, నడిపితే నడపండి. వాకిట్లో పెట్టి కుళ్ళబెట్టకండి." ఆ మాటతో మాకు వాయిదా వేసే అవకాశం లేకపోయింది. మేము, మా తమ్ముడు, ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి, ముగ్గురమూ కలసి ఆదివారాలను ఈ పనికి కేటాయించుకొన్నాము. మాకు దారి చూపినవారు నలువది ఏండ్ల అనుభవం గల ఒక మేస్త్రీ.

మేస్త్రీ గారు ఇంజను మూత ఎత్తలేదు. ముందుగా కారు లోపలి చాపలు తీయించి, నేల రేకును సుత్తి పిడితో తట్టి చూశారు. "ఇంజను మార్చవచ్చు బాబూ, ఒళ్ళు మార్చలేము గదా" అన్నారు. పాత కారు విషయంలో గుర్తుంచుకొనదగిన మొదటి సూత్రం ఇదే. ఈ తరహా కారుకు విడిగా చట్రం ఉండదు. రేకుతో మలచిన శరీరమే బరువంతా మోస్తుంది. ఆ రేకు తినివేయబడితే ఎంత మంచి ఇంజను పెట్టినా వ్యర్థమే.

ఇనుముకు గాలీ తేమా తగిలితే తుప్పు పడుతుందని చిన్న పిల్లలకు కూడా తెలుసు. సముద్రపుగాలిలోని ఉప్పు ఆ తేమతో కలసినప్పుడు, తుప్పుకు మూలమైన రసాయనిక చర్య మరింత వేగం పుంజుకొంటుంది. కారులో నీరు నిలిచే చోట్లు కొన్ని ఉన్నాయి. తలుపుల అడుగు అంచులు, ముందు అద్దం కింది గాడి, చాపల కింది నేల, చక్రాల పైకప్పుల లోపలి మూలలు ముఖ్యమైనవి. తలుపుల అడుగున నీరు జారిపోవడానికి సన్నని రంధ్రాలు ఉంటాయి. దుమ్ము చేరి అవి మూసుకుపోతే తలుపు లోపలినుండే తినివేయబడుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఏడాదికొకసారి ఒక పుల్లతో ఆ రంధ్రాలను శుభ్రం చేసుకొంటే వేలరూపాయల టింకరింగు ఖర్చు తప్పుతుంది.

మా కారులో డ్రైవరు పాదాల కింది రేకు రెండు అరచేతుల మేర పోయినది. చెడిన భాగాన్ని మంచి రేకు తగిలేవరకు కోసి, కొత్త రేకును వెల్డింగు చేయించి, అతుకులకు సీలరు, ఆపైన జింకు కలిసిన ప్రైమరు పట్టించాము. తుప్పుమీదనే లప్పం పెట్టి రంగు వేసే పద్ధతి ఒకటి బజారులో ఉన్నది. అమ్మకానికి పెట్టే కార్లకు అది చాలునేమో గాని, మనవారిని కూర్చోబెట్టుకొని నడిపే కారుకు తగదు. లప్పం రేకులోని చిన్న పల్లాన్ని సరిచేస్తుంది. బరువును మోయదు.

ఇక ఇంజను సంగతి. ఏండ్ల తరబడి నిలిచిన ఇంజనును బ్యాటరీ తగిలించి ఒక్కసారిగా తిప్పరాదు. స్పార్కు ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాలలో కొంచెము నూనె పోసి, ఒక రాత్రి నాననిచ్చి, పానాతో చేత్తో నెమ్మదిగా తిప్పవలె. తిరిగిన పిమ్మట కంప్రెషను పరీక్ష చేయవలె. ఈ ఇంజనులో మూడు సిలిండర్లు, మొత్తం ఘనపరిమాణం 796 సి.సి. మూడింటిలోను పీడనం ఇంచుమించు సమానంగా ఉండాలి. చదరపు సెంటీమీటరుకు ఒక కిలోకు మించి తేడా కనిపిస్తే రోగమున్నట్టే. తక్కువ చూపిన సిలిండరులో ఒక చెంచాడు నూనె పోసి మళ్ళీ కొలిచినప్పుడు పీడనం పెరిగితే లోపం రింగులలో, సిలిండరు గోడలో ఉన్నది. పెరగకపోతే వాల్వులలోనో, హెడ్ గాస్కెట్టులోనో ఉన్నది. వైద్యుడు నాడి చూడడం వంటిదే ఈ పరీక్ష.

మా ఇంజనులో మూడవ సిలిండరు జవాబు చెప్పలేదు. హెడ్ విప్పి చూడగా, గాస్కెట్టు గుండా నీరు దిగి, ఆరేండ్లు అక్కడే నిలిచి, సిలిండరు గోడను లోతుగా తినివేసినది. మామూలు అరుగుదల అయితే లేతు పనివారు సిలిండరును పావు మిల్లీమీటరో, అర మిల్లీమీటరో పెద్దది చేసి, తగిన పిస్టన్లు వేస్తారు. ఈ గుంటలు ఆ హద్దును దాటినవి. ఇంజను మార్చక తప్పలేదు.

ఇక్కడ ఇంట్లో పెద్ద వాదమే జరిగింది. "నాన్నా, ఎలాగూ మారుస్తున్నాము గదా, జెన్ కారు ఇంజను వేద్దాము. వీలైతే ఎస్టీము ఇంజను. ఇదే గదిలో పట్టించినవారు ఉన్నారు" అని మా అబ్బాయి పట్టుబట్టాడు. అతని మాటలో ఆధారం లేకపోలేదు. పాత ఇంజను శక్తి 40 అశ్వశక్తికి లోపు. జెన్ కారుది 993 సి.సి., సుమారు 50 అశ్వశక్తి. ఎస్టీముది 1,298 సి.సి., సుమారు 65. కారు బరువు 650 కిలోల ప్రాంతం కనుక ఎస్టీము ఇంజనుతో అది లేడిపిల్లలా ఉరుకుతుందనడంలో సందేహం లేదు. ఉరికినదానిని ఆపడం ఎట్లా అన్నదే ప్రశ్న. వేగం గంటకు 70 కిలోమీటర్లనుండి 100కు పెరిగితే, బ్రేకులు హరించవలసిన శక్తి రెట్టింపు అవుతుంది. 12 అంగుళాల చక్రాలు, వాటికి తగిన చిన్న బ్రేకులు, 40 అశ్వశక్తికి లెక్కగట్టిన ఇరుసులు ఆ భారానికి ఉద్దేశించినవి కావు. మేస్త్రీ గారు దానినే తమ భాషలో చెప్పారు. "గుర్రం పెద్దదైతే జట్కా ఇరుసు కూడా పెద్దది కావాలి బాబూ. కళ్ళెం కూడాను."

రెండవ అభ్యంతరం చట్టానిది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకూ భేదం వచ్చేటట్టు యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే తయారీకి, అదే రకానికి చెందిన ఇంజనును రవాణాశాఖ అనుమతితో అమర్చుకొని, కొత్త నంబరును పత్రంలో నమోదు చేయించుకోవచ్చు. నమోదు కాని ఇంజనుతో నడిచే కారు ప్రమాదానికి గురైతే, బీమా సొమ్ము దగ్గర పెద్ద చిక్కు వచ్చి పడుతుంది. ఆ చిక్కు మనకే గాక, ఆ ప్రమాదంలో గాయపడిన బాటసారి కుటుంబానికి కూడా తగులుతుంది. ఈ మాట విన్న పిదప మా అబ్బాయి మరి వాదించలేదు. అతని ఉత్సాహం మాత్రం తగ్గలేదు, పనిలోకి మళ్ళింది.

విడిభాగాలంటే మన ప్రాంతంలో ముందుగా స్ఫురించేది విజయవాడ ఆటోనగర్. మేము అక్కడా, మరి రెండు పట్టణాలలోను వెదికాము. ఒక దుకాణంలో చక్కని ఇంజను చవకగా చూపారు. దాని నంబరు ఉన్నచోట ఆకురాయి పెట్టిన గుర్తులు కనిపించాయి. కాగితాలు అడిగితే తరువాత ఇస్తామన్నారు. నమస్కారం పెట్టి వచ్చివేశాము. దొంగిలించిన బండినుండి వచ్చిన ఇంజను ఎంత చవకైనా ఇంటికి తేదగినది కాదు. చివరకు వెనుకనుండి దెబ్బతిని రద్దయిన ఒక కారు ఇంజను, సక్రమమైన కాగితాలతో, కంప్రెషను కొలిచి చూసుకొన్న మీదట తెచ్చుకొన్నాము. అది కూడా కార్బురేటరు రకమే. 2000 సంవత్సర ప్రాంతంనుండి వచ్చిన ఇంజక్షను రకమైతే తీగలు, పంపు, నియంత్రణ పెట్టె అన్నీ మార్చవలసి వచ్చేది.

ఇంజను దించే పనికి క్రమం ముఖ్యం. ముందు బ్యాటరీ తీగ విప్పవలె. నీరు, నూనె, పెట్రోలు వేరువేరు పాత్రలలోకి దించవలె. ప్రతి తీగకు, ప్రతి గొట్టానికి చీటీ కట్టి ఛాయాచిత్రం తీసుకోవలె. నట్లు బోల్టులు ఏ భాగానివి ఆ డబ్బాలో వేయవలె. గేరుబాక్సుతో సహా చైను కప్పీతో పైకెత్తేటప్పుడు దాని కింద ఎవరూ చేయి పెట్టరాదు. కేవలం జాకీమీద నిలిచిన కారు కిందికి ఎన్నడూ దూరరాదు. గట్టి స్టాండ్లు ఉండితీరవలె. పెట్రోలు విప్పిన చోట దీపం, బీడీ నిషిద్ధం. మూసిన గదిలో ఇంజను నడపరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషం. పిల్లలు, వృద్ధులు తిరిగే ఇంటిలో చేసే పని కనుక ఈ హెచ్చరికలను మళ్ళీ మళ్ళీ చెప్పుకోవలసినదే.

ఇంజను బయట ఉన్నప్పుడే టైమింగు బెల్టు, నీటి పంపు, క్రాంకు సీళ్ళు, క్లచ్ ప్లేటు మార్చడం లాభం. వీటి ఖరీదు కంటే, తరువాత మళ్ళీ ఇంజను దించే కూలి ఎక్కువ. మేము రింగులు, గాస్కెట్లు కూడా కొత్తవి వేసి, వాల్వులు గ్రైండింగు చేయించాము. బ్రేకు సిలిండర్లు, గొట్టాలు, టైర్లు అన్నీ మార్చాము. పెట్రోలు గొట్టాల విషయంలో మరొక జాగ్రత్త అవసరమైనది. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు 2023లో మొదలై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. పాతకాలపు రబ్బరును ఇథనాలు మెత్తబరచి చీల్చగలదు. తేమను కూడా పీల్చుకొంటుంది. కనుక ట్యాంకు కడిగించి, ఆ ఇంధనానికి తట్టుకొనే గొట్టాలు వేసి, కార్బురేటరులోని రబ్బరు భాగాలను మార్చించాము. పాత కారు ఉన్నవారు ఇంజను మార్చకపోయినా ఈ ఒక్క పని తప్పక చేయించవలె. వేడి ఇంజనుమీద పెట్రోలు కారితే కలిగే ప్రమాదం వేరే చెప్పనక్కరలేదు.

ఎనిమిది నెలల తరువాత అనుమతి పత్రాలు, తనిఖీ, రిజిస్ట్రేషను పునరుద్ధరణ పూర్తి అయినవి. పదిహేనేండ్లు దాటిన కారుకు తనిఖీ జరిపి అయిదేండ్ల చొప్పున గడువు పొడిగిస్తారు. కొత్త రింగులు సర్దుకొనేవరకు, అనగా మొదటి వెయ్యి కిలోమీటర్లు, మితమైన వేగంతోనే నడిపాము.

లెక్క కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఈ కారు బజారు ధర కంటే మేము పెట్టిన ఖర్చు ఎక్కువ. లాభాపేక్షతో దిగేవారికి ఇది వ్యాపారం కాదు. నేటి కార్లతో పోల్చితే దీని పొగ కూడా ఎక్కువే. కనుక రోజూ యాభై కిలోమీటర్లు తిరిగేవారికి దీనిని మేము సిఫారసు చేయము. రేకు కుళ్ళినచో, కాగితాలు సరిగా లేనిచో, అటువంటి కారును గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి అప్పగించడమే వివేకం. రేకు గట్టిగా ఉండి, ఇంట ఓపిక ఉండి, దారి చూపే పెద్ద మేస్త్రీ దొరికినచో మాత్రం ఈ పని వృథా కాదు. ఒక ఇంజను ఎట్లా శ్వాసిస్తుందో, రేకు ఎందుకు చెడుతుందో, చట్టం ఎవరిని కాపాడటానికి ఉన్నదో మా ఇంటి పిల్లవాడు పుస్తకంలో గాక చేతులతో నేర్చుకొన్నాడు. ఆ మేస్త్రీ గారి వంటివారి విద్య మరొక తరానికి అందాలంటే, వారి పక్కన కూర్చొని పానా అందించే పిల్లలు కొందరైనా కావాలి. వచ్చే ఆదివారం మీ వాకిట్లోని కారు తలుపు అడుగు రంధ్రాలను ఒక పుల్లతో శుభ్రం చేయించండి. ఆ పనిని పిల్లల చేతనే చేయించండి.