బెండకాయ ఆగుతదా?

వేదిక మీది పెద్దల పేర్లన్నీ ముందు మాట్లాడినవారు చదివారు. నేనూ మొదలుపెడితే మీ చేతికి పట్టాలు వచ్చేసరికి పొద్దుగూకుతుంది. జగిత్యాల పొలాస, సిరిసిల్ల జిల్లెల్ల వ్యవసాయ కళాశాలల పట్టభద్రులకూ, అతిథులుగా వచ్చిన కోరుట్ల పశువైద్య కళాశాల పిల్లలకూ శుభాకాంక్షలు.

పొలాస అనగానే అందరికీ వరి గుర్తొస్తుంది. జగిత్యాల సన్నాలు, జగిత్యాల మసూరి ఇక్కడి పరిశోధన స్థానంలో పుట్టినవే. నేను వరి జోలికి పోను. వడ్లను మర పట్టి, కడిగి, ఉడికించి తింటాం. నా దిగులంతా అంత వ్యవధి ఇవ్వని పంటల మీద. కొత్తిమీర, టమాట, బెండ, మామిడి. పొద్దున తోటలో ఉన్నది రాత్రికి కంచంలో ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సిరిసిల్ల వైపు ఒక ఊళ్లో కూరగాయల రైతులకు శిక్షణ పెట్టాం. మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలని బోర్డు మీద పట్టిక రాశాను. వెనక వరుసలో ఒక అక్క లేచి, "సారూ, అయిదు రోజులు ఆగుమంటున్రు. బెండకాయ ఆగుతదా?" అంది. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక నా జవాబు కోసం చూశారు.

బెండ రోజు విడిచి రోజు కోయాలి. అయిదు రోజులు ఆగితే కాయ ముదిరి పీచు కడుతుంది, అంగట్లో ఎవరూ ముట్టుకోరు. ఆగమని చెప్పడం సులువు. రెండు కోతల డబ్బు వదులుకొమ్మంటున్నామని మాత్రం చెప్పం. ఆ అక్క ప్రశ్నకు జవాబు లేని శిక్షణ భోజనాల ఖర్చుకే గాని రైతుకు పనికిరాదు.

జవాబు లేకపోలేదు. గట్టి మందు అవసరమైతే కాపు మొదలుకాకముందే పడాలి. కోతలు మొదలయ్యాక లింగాకర్షక బుట్టలు, వేప కషాయం, పుచ్చు కాయలు ఏరి పాతిపెట్టడం ముందుకు రావాలి. అప్పటికీ కొట్టక తప్పకపోతే ముందు కోసి, ఆ సాయంత్రం కొట్టాలి. గడువు తక్కువున్న మందే ఎంచుకోవాలి. గడువు లోపల వచ్చిన కాయ అంగడికి పోకూడదు. ఆ నష్టాన్ని రైతు పక్కన కూర్చుని మీరే లెక్కగట్టాలి.

మీలో మందు సీసా లేబుల్ మొత్తం చదివినవాళ్లు చేతులెత్తండి. ... కళ్లద్దాలు మార్చాల్సింది నేనో, చదవాల్సింది మీరో! క్లోరాంట్రానిలిప్రోల్ అనే పురుగు మందు ఉంది. మన దేశంలో దాని లేబుల్ ప్రకారం కోతకు ముందు టమాటకు 3 రోజులు, బెండకు 5 రోజులు, వంకాయకు 22 రోజులు ఆగాలి. పక్కపక్కనే మూడు మళ్లున్న రైతు ఒకే పంపుతో మూడింటికీ కొట్టేస్తాడు. ఎన్ని రోజులాగాలో దుకాణదారు చెప్పడు, రైతు అడగడు. లేబుల్ మీది అక్షరాలు చీమకైనా కనపడవు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడొద్దని 2005లోనే ప్రభుత్వం నిషేధించింది. ఆ సంగతి తోట దాకా చేర్చడమే మన ఉద్యోగం.

చట్టం చూసుకుంటుందిలే అనుకోకండి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 18వ సెక్షన్ రైతునూ, పొలం దగ్గరి పంటనూ తన పరిధిలోంచి తప్పించింది. 2017లో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ మొదలుపెట్టిన ఫోస్టాక్ శిక్షణ హోటళ్లకూ, ఆహార వ్యాపారులకూ. అక్కడ 25 మంది పనివాళ్లకు శిక్షణ పొందిన ఒక సూపర్‌వైజర్ ఉండాలంటారు. ఆ హోటల్‌కు కొత్తిమీర పంపే మడి దగ్గర ఎవరున్నారు? అమెరికాలో 2006లో పాలకూర లాంటి స్పినాచ్ తిని జనం ఈ-కోలై బారిన పడి చనిపోయారు. ఆ తర్వాత అక్కడ 2015లో వచ్చిన నిబంధన కిందికి వచ్చే ప్రతి తోటలోనూ శిక్షణ పొందిన మనిషి ఒకరైనా ఉండాలన్నారు. మనకు అలాంటి నిబంధన లేదు. ఉన్నది మీరే. మీరేమో గ్రూప్స్ కోచింగ్‌కు అశోక్‌నగర్ బస్సెక్కుతారు! ఎక్కండి, కాదనను. పరీక్షల మధ్య ఖాళీలోనైనా ఊరికి పోండి.

మామిడి గురించి జగిత్యాల వాళ్లకు నేను చెప్పేదేముంది. కాల్షియం కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధం. దాంట్లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. 100 పీపీఎం దాకా ఇథిలీన్ వాయువుకు 2016 నుంచి అనుమతి ఉంది. తోట గుత్తకిచ్చాక కాయతో తనకు పనిలేదనే రైతుతో కాస్త పోట్లాడండి. కాయ పక్వానికి రాకముందే దింపితేనే కార్బైడ్ అవసరం పడేది.

కోరుట్ల డాక్టర్లూ, మీరు నవ్వకండి. పొదుగువాపుకు యాంటీబయాటిక్ సూది వేసి, పాలు ఎన్ని రోజులు పారబోయాలో చెప్పకుండా బండెక్కితే మీదీ అదే కథ. పెంట సంగతీ మీదే. నేలను తాకే పంటకు పచ్చి పేడ ఎరువు వేస్తే 120 రోజుల తర్వాతే కోయాలని అమెరికా సేంద్రియ నిబంధన. మన పాలకూర నెల రోజులకే కోతకొస్తుంది. కాబట్టి ఆకుకూర మడికి బాగా మాగిన ఎరువే వేయించండి. కట్టలు కడిగే నీళ్లు ఎక్కడివో చూడండి. కోసే ఆడవాళ్లకు గట్టు మీద ఒక బిందె నీళ్లు, సబ్బు పెట్టించండి.

రైతు వేదికలో మొదటి శిక్షణ పెట్టేటప్పుడు లాప్‌టాప్ ఇంట్లో వదిలేయండి. ముందు ప్రతి రైతునూ ఏ పంట, ఎన్ని రోజులకోసారి కోస్తారో, మందు ఎప్పుడు కొడతారో అడిగి రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని మాట్లాడండి.